తవ్వితే దొరికిన నాణేన్ని చింతపండుతో తోమకండి

ఈ నెలలో నాలుగోసారి అదే సందేశం నా ఫోనుకు వచ్చింది. ఈసారి పంపింది మా మామయ్య. మెటల్ డిటెక్టర్‌తో వెతికితే దొరికిన పాత నాణేలు, విగ్రహాలు, కత్తులు ఇంట్లోనే కొత్తవాటిలా మెరిపించుకోవడానికి ఆరు చిట్కాలట. 'పదిమందికీ పంపండి' అని చివర్లో విన్నపం. పంపేవాళ్లు మంచి ఉద్దేశంతోనే పంపుతున్నారు. కానీ ఆ చిట్కా పాటించిన నాణెం ఒకటి నా అరచేతిలోకి వచ్చింది. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

మొదటి చిట్కా: చింతపండు రసంలో గుప్పెడు ఉప్పు కలిపి రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే పీచుతో రుద్దాలి. ఆరింటిలోకీ ఎక్కువ కీడు చేసేది ఇదే. పూజగదిలో ఇత్తడి చెంబుకు పట్టిన మకిలి వేరు, పద్దెనిమిది వందల ఏళ్లు నేలలో ఉన్న రాగి నాణేనికి పట్టిన చిలుము వేరు. చెంబు తోమితే మకిలి పోయి లోహం మెరుస్తుంది. నాణేనికి అలా కాదు. దాని అసలు ఉపరితలం చిలుముగా మారి, ఆ చిలుములోనే నిలిచి ఉంటుంది. రాజు పేరు, ఏనుగు, ఉజ్జయిని గుర్తు (నాలుగు చివరలా వలయాలున్న కూడిక గుర్తు) అన్నీ అందులోనే ఉంటాయి. పులుపుతో చిలుమును కరిగిస్తే వాటినీ కరిగించినట్టే.

ఇక ఉప్పు. మట్టిలోని ఉప్పు ఏళ్ల తరబడి రాగిలోకి దిగి క్లోరైడుగా దాక్కుని ఉంటుంది. దానికి గాలీ తేమా తగిలితే ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం మిగిలిన రాగిని తిని మళ్లీ క్లోరైడును తయారుచేస్తుంది. నాణెం మీద లేత ఆకుపచ్చ పొడి రాలుతోందంటే ఆ పని లోపల సాగుతోందని అర్థం. దీన్నే బ్రాంజ్ డిసీజ్ అంటారు. ఆ క్లోరైడును బయటికి రప్పించడానికి నిపుణులు వారాలు, నెలల తరబడి డిస్టిల్డ్ వాటర్ మారుస్తూ నానబెడతారు. ఈ మహానుభావుడు గుప్పెడు ఉప్పు కొత్తగా ఎక్కించమంటున్నాడు!

సీసపు నాణేల సంగతి ఇంకా దారుణం. శాతవాహనులు మన నేలమీద వదిలిన నాణేల్లో సీసంవి చాలా ఉన్నాయి. చెక్క పెట్టెలోంచి వచ్చే పుల్లటి ఆవిరికే సీసం తెల్లబడి పొడి అవుతుంది, అలాంటిది దాన్ని పులుసులో ముంచితే ఏం మిగులుతుంది? పైగా ఆ పులుసులోకి దిగిన సీసం విషం. వంటింటి గిన్నెలో నానబెట్టమని రాసిన మనిషికి ఆ ఇంట్లో పిల్లలుంటారన్న ఆలోచన రాలేదా?

నా దగ్గరికి వచ్చింది అలా నానబెట్టిన సీసపు నాణెమే. ఒకవైపు ఏనుగు తొండం, ఒక ముందుకాలు మిగిలాయి. పేరు ఉండాల్సిన అంచు గోరుతో తడిమినా ఏమీ తగలనంత నున్నగా ఉంది. శాతవాహనుల్లో మొదటివాడని పురాణాలు చెప్పిన శిముకుడి పేరు తెలంగాణలోని కోటిలింగాలలో దొరికిన నాణేల మీద 'సిరి చిముక' అని చదవగలిగారంటే, అంచున ఉన్న ఆ అక్షరాలను ఎవరూ తోమేయలేదు కనుకనే. 'ఇది ఏ రాజుది?' అని నాణెం తెచ్చినాయన అడిగాడు. నేను చెప్పలేకపోయాను.

రెండోది కూల్‌డ్రింకులో నానబెట్టడం. అదీ ఆమ్లమే, పైన రాసిందే దీనికీ జవాబు. మూడోది వెండికి టూత్‌పేస్టు. పేస్టులోని పొడి వెండిని గీరుతుంది. అంతకన్నా ముఖ్యం, చాలాకాలం నేలలో ఉన్న వెండి పెళుసుబారుతుంది, గట్టిగా నొక్కితే రెండు ముక్కలవుతుంది. నాలుగోది ఇనుప కత్తికి గరుకు కాగితం. కొన్నిసార్లు ఆ కత్తిలో ఇనుమే మిగిలి ఉండదు, తుప్పే కత్తి ఆకారంలో నిలబడి ఉంటుంది. ఒర చెక్క చార, చుట్టిన గుడ్డ నేత కూడా తుప్పులో అచ్చుపడి ఉండవచ్చు. గీకితే అన్నీ పోతాయి.

అయిదోదాన్ని మాత్రం కొట్టిపారేయలేను. బ్యాటరీ చార్జరుతో కరెంటు పంపి తుప్పు వదిలించమన్నారు. ఆ పద్ధతి నిజంగానే ఉంది. మద్రాసు ప్రభుత్వ మ్యూజియంలో 1930లో మొదలైన రసాయనశాల కంచు విగ్రహాలను ఆ పద్ధతిలోనే శుభ్రం చేసింది. లోపల గట్టి లోహం మిగిలి ఉండి, పని తెలిసినవాళ్లు దగ్గరుండి చూసుకుంటే పనికొస్తుంది. ఈ ఒక్క విషయంలో రాసినవారికి ఎంతో కొంత తెలుసని ఒప్పుకుంటాను. కానీ పెరట్లో బకెట్టు, చార్జరు పెట్టి, లోపల లోహం ఉందో లేదో చూడకుండా చేస్తే చిలుముతోపాటు బొమ్మ కూడా ఊడివస్తుంది.

చివరిది: 'మీ పొలంలో దొరికింది మీదే, మెరిపించి అమ్ముకోండి.' పూర్తిగా అబద్ధం. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. దాచిపెడితే ఏడాది వరకు జైలు. తెలియజేస్తే ప్రభుత్వం ఊరికే లాక్కుపోదు. దాన్ని తీసుకోదలిస్తే లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లించాలని అదే చట్టంలో ఉంది. ఇక మెరుపు సంగతి. నాణేలు ఎరిగిన కొనుగోలుదారు తోమిన నాణేన్ని చూడగానే ధర తగ్గిస్తాడు.

మామయ్యా, బావి పూడిక తీసినప్పుడు దొరికిన ఆ మూడు వస్తువులనూ నీళ్లతో కూడా కడగవద్దు. మట్టి మట్టిగానే ఉంచి, విడివిడిగా కాగితంలో చుట్టి, గాలి చొరని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. ఎంత లోతులో, ఏ పక్కన దొరికాయో ఒక కాగితంమీద రాసిపెట్టండి. ఆదివారం వస్తాను, కలెక్టరుకు అర్జీ కలిసి రాద్దాం.