కడప బిడ్డకు మూలుగ డల్లాస్‌లో ఉండొచ్చు

ప్రొద్దుటూరు నుంచి మా చిన్నాన్న కూతురు డల్లాస్‌లో ఉన్న నాకు ఫోన్ చేసింది. "అన్నా, పిల్లోడిదీ వాళ్లక్కదీ ఒకే రక్తం గ్రూపు. మరి మూలుగ (బోన్ మారో) ఎందుకు కలవదంటున్నారు?" వాళ్ల బాబుకు తలసీమియా, అంటే రక్తం సరిగా తయారవని పుట్టుజబ్బు. వారాల లెక్కన రక్తం ఎక్కించాల్సిందే. మూలుగ మార్పిడి మీద పెట్టుకున్న ఆశ, అక్కది కలవదన్న రిపోర్టుతో సన్నగిల్లింది.

మార్పిడికి ముఖ్యంగా చూసేది రక్తం గ్రూపు కాదు, హెచ్‌ఎల్‌ఏ. కణాల మీద ఉండే ప్రోటీన్లివి. మొదటిదాన్ని 1958లో ఫ్రాన్స్‌లో జాన్ దోసే గుర్తించి, 1980లో నోబెల్ అందుకున్నారు. కణం లోపలి ప్రోటీన్ల ముక్కల్ని ఇవి బయట పట్టి చూపుతాయి. వైరస్ ముక్క కనబడితే టి కణాలు (రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) ఆ కణాన్ని చంపేస్తాయి. టి కణాలు థైమస్ గ్రంథిలో మన సొంత హెచ్‌ఎల్‌ఏ మీదే ఆరితేరుతాయి. మన మీదే తిరగబడేవి చాలావరకు అక్కడే చచ్చిపోతాయి. పరాయి హెచ్‌ఎల్‌ఏతో వాటికి ఆ పరిచయం లేదు. అందుకే ఒక కొత్త వైరస్‌ను పట్టేవి లక్షల్లో ఒకటి ఉంటే, పరాయి హెచ్‌ఎల్‌ఏ మీదికి నూటికి 1 నుంచి 10 దాకా లేస్తాయి. మూలుగ మార్పిడిలో హెచ్‌ఎల్‌ఏ కలవకపోతే, దాత నుంచి వచ్చిన టి కణాలే రోగి చర్మం, పేగులు, కాలేయం మీద పడొచ్చు.

ఈ జన్యువులు 6వ క్రోమోజోమ్‌లో కట్టగా ఉంటాయి. అమ్మ నుంచి ఒక కట్ట, నాన్న నుంచి ఒకటి. కాబట్టి తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతే. మా వైపు మేనరికాలు ఎక్కువ కదా, భార్యాభర్తలిద్దరిలోనూ ఒకే కట్ట ఉంటే తండ్రితోనో మేనమామతోనో కలవొచ్చు, డాక్టరును అడగమన్నాను. ఇలాంటి జబ్బులు పెరగడానికీ ఆ మేనరికాలే ఒక కారణం కావడం నన్ను బాధపెడుతుంది.

ఇంట్లో పూర్తిగా కలిసేవారు లేకపోతే బయటి దాత కోసం వెతుకుతారు. హెచ్‌ఎల్‌ఏ రకాలు ఒకే మూలాలున్న జనంలోనే ఎక్కువగా కలుస్తాయి. దాతలు పేర్లు నమోదు చేసుకునే అమెరికా రిజిస్ట్రీ లెక్కల్లో పూర్తిగా కలిసే దాత దొరికే అవకాశం తెల్లవారికి 79 శాతం, ఆసియా మూలాలవారికి 47. ఆ రిజిస్ట్రీలో మనవాళ్ల పేర్లు తక్కువగా ఉండటం ఇందుకు పెద్ద కారణం. ఉగాది సంబరాల్లో, బుగ్గ లోపల పుల్ల తిప్పి నమూనా తీసుకునే బల్ల ఒకటి పెట్టించమని ఇక్కడి మన తెలుగువాళ్ల సంఘం కార్యవర్గాన్ని అడుగుతున్నాను. 18 నుంచి 40 ఏళ్లవారు ఆ రిజిస్ట్రీలో చేరొచ్చు.

తల్లిదండ్రులకు ఇంకో మాట. పిల్లలు పేరిచ్చాక, పిలుపు వచ్చిన రోజున మనం అడ్డుపడొద్దు. చాలామంది నుంచి చేతి నరంలోంచే కణాలు తీస్తారు. కొందరికి మత్తిచ్చి తుంటి ఎముక నుంచి. వద్దనుకుంటే మొదట్లోనే చెప్పేయాలి. మార్పిడికి ముందు రోగి మూలుగను మందులతో చంపేస్తారు. ఆ తర్వాత దాత రానంటే, ఆ బిడ్డ ఒంట్లో రక్తం తయారయ్యే దారి ఉండదు.