సంతకం పెట్టే ముందు ఆ నెలల సంగతి కూడా తెలియాలి

రెండు మూడు అంగుళాల ఎత్తు కోసం కాళ్లు పొడిగించుకునే శస్త్రచికిత్స చేయించుకోవాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్న యువకుడి గురించి నేను చదివిన ఒక వ్యాసంలో ఖర్చును వివరంగా రాశారు గానీ, ఆపరేషన్ తరువాతి నెలలను ఒక్క పేరాతో సరిపెట్టారు. ప్రమాదంలో నుజ్జయిన కుడికాలి ఎముకను తిరిగి పెంచుకోవడానికి ఇలిజరోవ్ రింగులతో (కాలి చుట్టూ అమర్చి, తీగలతో ఎముకకు బిగించే లోహపు వలయాలతో) తొమ్మిది నెలలు గడిపినవాడిని కనుక ఆ భాగం నేను చెప్పగలను.

రష్యాలోని కుర్గాన్‌లో గవ్రీల్ ఇలిజరోవ్ 1950లలో రూపొందించిన ఈ పద్ధతిలో, కోసిన ఎముక కొసలను రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున, అదీ నాలుగు విడతలుగా, ఎడం చేస్తారు; ఆ సందులో కొత్త ఎముక పుడుతుంది. నాకు ఆ పని మా అమ్మ చేసేది. ఆరు గంటలకొకసారి చిన్న పానాతో నట్టును పావు చుట్టు తిప్పి, నోటుపుస్తకంలో గుర్తు పెట్టి, తీగలు చర్మంలోకి దిగిన చోట సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డతో చీము తుడిచేది. కండరాలు, నరాలు ఎముకంత తేలికగా సాగవు. పిక్క బిగుసుకుపోయి నా మడమ నేలకు ఆనేది కాదు. ఇప్పుడు ఎముక లోపలే అమర్చే కడ్డీలు వచ్చినా కండరాల బాధ, ఫిజియోథెరపీ తప్పవు.

2016లో హైదరాబాద్‌లో ఒక యువ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఇంట్లో చెప్పకుండా ఈ ఆపరేషన్ చేయించుకోగా, తల్లిదండ్రులు తల్లడిల్లిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. మేజరైన వ్యక్తి శరీరంపై నిర్ణయం అతనిదే, దానిని నేను కాదనను. అయితే మంచం దిగడానికి భుజం ఇవ్వవలసినవారికి ముందే చెప్పకపోవడం అన్యాయం. నాకు అప్పుడు గత్యంతరం లేదు, వ్యాసంలోని యువకుడికి ఉంది. ఇది చేయించుకుని ఏడాది దాటిన ఒకరిద్దరిని స్వయంగా కలిసి, వారు పరుగెత్తగలుగుతున్నారో లేదో, బాసింపట్టు వేసుకుని కూర్చోగలుగుతున్నారో లేదో చూశాకే సంతకం పెట్టమని ఆయనను కోరుతున్నాను.