ఏటి సేత్తాం బావూ, నవ్వక!

తుఫాను హెచ్చరిక వస్తే చాలు, విశాఖ వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల బొమ్మలు తిరుగుతాయి. ఒకటి వాతావరణ శాఖ మ్యాపు, రెండోది అదే మ్యాపు మీద బ్రహ్మానందం మొహం. ఆ రెండోది చూసి "ఊరు మునుగుతుంటే జోకులా" అని విసుక్కునే పెద్దమనుషుల కోసమే ఇది రాస్తున్నా.

2014 అక్టోబరు 12న వచ్చిపడ్డ హుద్‌హుద్ తుఫాను గురించి మనకి మళ్లీ చెప్పక్కర్లేదు. ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయింది, కైలాసగిరి బోడిగుండైంది, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. అంటే జోకు పంపడానికి కూడా సిగ్నల్ లేదన్నమాట! అయినా పాల ప్యాకెట్ల క్యూలో నవ్వులు ఆగలేదు. హుద్‌హుద్ అంటే అరబ్బీలో ఒక పిట్ట, పేరు పెట్టింది ఒమన్ వాళ్లు. ఇది తెలిసిన మా వీధి పెద్దాయన, రేకులన్నీ పోయిన ఇంటి ముందు నిలబడి "పిట్ట పేరెట్టుకుని ఏనుగు పని సేసీసింది బావూ" అన్నాడు. సిగ్నల్ వచ్చాక ఆ మాటే ఫోనెక్కి హైదరాబాద్‌లో ఉన్న మా చుట్టాల దాకా పోయింది. వాళ్లకి అందులో వినబడింది జోకు కాదు, మేం బతికే ఉన్నామన్న కబురు. పదిమందికి పదిసార్లు "బాగానే ఉన్నాం" అని చెప్పే ఓపిక లేనప్పుడు ఇంతకన్నా మంచి మార్గం ఏముంది?

నిజమే, హద్దులుండాలి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివారు ఆర్ఆర్ వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే విషవాయువు 12 మందిని బలి తీసుకుంది, దాని మీద ఎవరైనా మీమ్ చేసి ఉంటే సిగ్గుపడాల్సిందే. రేకుల మీద జోకేసే హక్కు రేకులు పోయినవాడిదే, చూడ్డానికొచ్చినవాడిది కాదు.

అసలు నా బాధ వేరే ఉంది. ఈ "ఏటి", "సేత్తాం" అనే మన ఉత్తరాంధ్ర యాసని మన సినిమాలు ఇన్నేళ్లూ పనివాడికో, అమాయకుడికో, చిల్లర దొంగకో అంటగట్టాయి, మనల్ని చూసి మిగతా రాష్ట్రం నవ్వింది. ఇప్పుడు రీల్స్‌లో అదే యాసలో మనమే జోకేస్తున్నాం, ఎవరి మీద వెయ్యాలో కూడా మనమే తేల్చుకుంటున్నాం. 2021 జనవరి 27న స్టీల్ ప్లాంటు ప్రైవేటీకరణకి కేంద్రం ఓకే అంటే, నాయకులు "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని పాత నినాదం అందుకున్నారు. గాజువాకలో మా స్నేహితుడు మాత్రం "హక్కెలాగూ నేదు, తుక్కయినా మిగల్చరేటి?" అని స్టేటస్ పెట్టాడు. ఏ ప్రెస్‌మీట్‌లోనూ ఇంత సూటి మాట నేను వినలేదు.

మా వీధి పెద్దాయన దగ్గరికి హుద్‌హుద్ తర్వాత నష్టం రాసుకోవడానికి ఒక ఉద్యోగి వచ్చి, రేకులెన్ని పోయాయని అడిగాడు.

"ఎగిరిపోయినవి లెక్కెట్టనేదు బాబూ. దొరికినవి రెండు, అందులో ఒకటి నాది కాదు."