తులసి వేస్తే బీరు ఔషధమైతదా?

మూడు రోజుల సంది మా హన్మకొండ వాట్సాప్ గ్రూపులన్నిట్ల ఒకటే మెసేజ్ తిరుగుతున్నది. కంపెనీ బీర్లల్ల హాప్స్ అనే కెమికల్ కలుపుతరట, దాని బదులు తులసి, తిప్పతీగ వేసి ఇంట్ల చేసుకుంటే లివర్ సాఫ్ అయితదట, షుగర్ తగ్గుతదట, మన పెద్దలు గిట్లనే తాగేటోళ్లట. సదువుకున్నోళ్లు గూడ ఫార్వర్డ్ కొడుతున్నరు.

హాప్స్ కెమికల్ కాదు, తీగకు పూసే పువ్వు. చేదు ఇస్తది, పులుపెక్కించే బ్యాక్టీరియాను ఆపుతది. హాప్స్ రాకముందు యూరప్‌ల రకరకాల ఆకులేసి కాసేటోళ్లు, దాన్ని గ్రూట్ అనేటోళ్లు, అది నిజమే. 1516ల జర్మనీ దిక్కు బవేరియాల బీరుల బార్లీ, నీళ్లు, హాప్స్ తప్ప ఏం కలపొద్దని రూల్ పెట్టిన్రు. బెల్జియంల ఇప్పటికీ ధనియాలు, నారింజ తొక్క వేస్తరు, కానీ రుచికి వేస్తరు, రోగానికి కాదు.

పోయిన ఎండకాలం మా బావమరిది బార్లీ మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) ఉడకబెట్టి, తులసి, అల్లం, ఈస్ట్ వేసి 5 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాల పోసి మూత గట్టిగ బిగించిండు. నాలుగో రోజుకు డబ్బా ఉబ్బి అడుగు గుండ్రంగ తేలింది, మూత తిప్పంగనే బుస్సున పొంగి గోడంత పడ్డది, పైన తెల్లటి పొర, పాసిపోయిన గంజి వాసన. పులిసేటప్పుడు పుట్టే గ్యాస్ పోయే తొవ్వ లేకపాయె, అదే గాజు సీసా అయితే పేలి కండ్లల్ల గుచ్చుకునేది. పైగా లైసెన్స్ లేకుండ కాస్తే ఎక్సైజ్ కేసు, ఆ ముచ్చట మెసేజ్‌ల లేనేలేదు.

ఇగ లివర్. ఏ ఆకు వేసినా అండ్ల ఆల్కహాల్ ఆల్కహాలే, దాన్ని అరిగించాల్సింది ఆ లివరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఆల్కహాల్‌ను గ్రూప్ 1ల, అంటే క్యాన్సర్ తెస్తదని రుజువైన వాటిల్ల పెట్టింది, పొగాకు ఉన్నది గూడ అండ్లనే. తిప్పతీగ సంగతి చెప్పాల్నంటే, కరోనా టైంల అది తాగినోళ్లల్ల లివర్ దెబ్బతిన్న కేసులు ముంబై డాక్టర్లు 2021ల బయటపెట్టిన్రు, ఆయుష్ శాఖ ఒప్పుకోలేదనుకోండ్రి, అయినా లివర్‌కు మందని ఎట్ల రాస్తరు?

షుగర్ గోలీలు, ఇన్సులిన్ మీద ఉన్నోళ్లు ఖాళీ కడుపున తాగితే షుగర్ ఒక్కసారే పడిపోయి స్పృహ తప్పొచ్చు. షుగర్ తగ్గుడంటే గిదా?

పెద్దల మాటకొస్తే, వాళ్లు తాగింది ఈత కల్లు, తాటి కల్లు, ములుగు దిక్కు ఇప్పసారా. నేలవేము అనే చేదు మూలిక వాడిన్రు, కానీ జరమొస్తే నీళ్లల్ల మరగబెట్టి, మా నాయనమ్మ ముక్కు మూసి పోసేది, పొద్దుమూకే దాంక నాలుక మీద చేదు పోకపోయేది.

నిన్న మా పెద్దనాయన ఫోన్ చేసిండు, ఆయనకు లివర్ ఖరాబై డాక్టరు తాగుడు బంద్ చేయించి ఏడాదైంది. "తులసి ఎన్ని ఆకులెయ్యాలెరా" అని అడిగిండు.