జపమాల ఎక్స్‌ప్రెస్

కాజీపేటలో పుట్టి పెరిగినవాడికి రైళ్ల గురించి ఎవరూ కొత్తగా చెప్పాల్సింది లేదని నా గట్టి నమ్మకం. బండి స్టేషన్ చేరకుండా బయటి సిగ్నల్ దగ్గర, అంటే ఔటర్‌లో, ఆగినప్పుడల్లా కిటికీకి ముఖం ఆనించి, కనిపించని డ్రైవరును తిట్టే హక్కు మా ఇంటికి వంశపారంపర్యంగా వస్తోంది. మా తాత బొగ్గు ఇంజన్ల కాలంలో తిట్టాడు, నేను కరెంటు ఇంజన్ల కాలంలో తిడుతున్నాను. అలాంటి నేను నలభై ఏడో ఏట కంప్యూటర్‌లో రైలు నడిపే కొత్త ఆట ఒకటి కొన్నాను. అందులో కాజీపేట నుంచి సికింద్రాబాద్ దాకా మార్గం ఉంది. రాత్రి భోజనాల వేళకు బండిని సికింద్రాబాద్ చేరుస్తానని ఇంట్లో ప్రకటించాను. ఎంత దూరమని! 132 కిలోమీటర్లు.

మొదటి రోజు ఒక్క మీటరు కూడా కదలలేదు.

రైలు ఆటలు నాకు కొత్తేమీ కావు. 2001లో మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్ వచ్చినప్పుడు అమెరికా కొండల్లో గూడ్సు బండ్లు నడిపినవాణ్ని. కానీ అందులో తెలియనివాడి కోసం అన్నీ సులభం చేసే ఏర్పాటు ఒకటి ఉండేది. ఈ కొత్త ఆటకు ఆ దయ లేదు. ఇంజన్ నెత్తిన ఉండే పాంటోగ్రాఫ్ అనే చట్రాన్ని ఎత్తి, 25,000 వోల్టుల తీగను అందుకుని, కరెంటును లోపలికి కలిపే బ్రేకర్ వేసి, బ్రేకులకు గాలి నిండేదాకా కూర్చోవాలి. ఇంజనేమో 6,350 హార్స్‌పవర్ల డబ్ల్యూఏపీ-7. అన్ని గుర్రాలూ నన్ను చూస్తూ నిలబడ్డాయి. రెండో రోజు కదిలాయి, వరంగల్ వైపుకు. బండి ముందుకో వెనక్కో తేల్చే రివర్సర్ వెనక్కి పెట్టి ఉందట.

అన్నిటికంటే నన్ను ఏడిపించింది బ్రేకు. బండి పొడవునా సాగే గొట్టంలో గాలి నింపితే బ్రేకు వదులుతుంది, గాలి తీసేస్తే పడుతుంది. సైకిలు ట్యూబులతో పెరిగిన బుద్ధికి ఇది తలకిందుల వ్యవహారం. 1872లో అమెరికన్ ఇంజనీరు వెస్టింగ్‌హౌస్ ఈ పద్ధతి కనిపెట్టడానికి మంచి కారణమే ఉంది. బండి మధ్యలో తెగిపోతే గొట్టం ఊడి, గాలి పోయి, రెండు ముక్కలూ వాటంతట అవే ఆగుతాయి. మంచిదే. నా బండి మాత్రం తెగకుండానే ఆగేది, ఆగాల్సినచోట తప్ప. పెండ్యాల దాటకముందే మూడుసార్లు నిలబెట్టాను. ఘన్‌పూర్‌లో ఆపబోతే ప్లాట్‌ఫారం మొత్తం దాటించి, ప్రయాణికులను కంపచెట్లలో దింపాను.

ఇక ఇంజన్‌లో డ్రైవరు మెలకువగా ఉన్నాడో లేదో చూసే యంత్రం ఒకటి ఉంటుంది. నిమిషంపాటు మనం ఏ మీటా ముట్టుకోకపోతే దీపం వెలిగిస్తుంది, తర్వాత అరుస్తుంది, అప్పటికీ పలకకపోతే తానే బ్రేకు వేసేస్తుంది. ఆటలో దానికి కీబోర్డుపై ఒక మీట. మూడో రోజు బండి జనగామ వైపు బ్రహ్మాండంగా పోతుండగా గ్యాస్ సిలిండర్ వచ్చింది. పక్కనే కూర్చుని జపం చేసుకుంటున్న అమ్మను పిలిచాను.

"అమ్మా, ఈ మీట అప్పుడప్పుడూ నొక్కుతుండు. దీపం వెలగకూడదు. రెండు నిమిషాల్లో వస్తాను."

సిలిండర్ అబ్బాయికి ఓటీపీ కావాలి. ఓటీపీ వచ్చే ఫోను మా ఆవిడ దగ్గర. ఆవిడ మేడ మీద, ఒడియాల దగ్గర. పావుగంట తర్వాత వచ్చి చూస్తే నా ఎక్స్‌ప్రెస్ ముందున్న గూడ్సు బండిలోకి సగం దూరి ఉంది. అమ్మ జపమాలలో పూసకొక నొక్కు చొప్పున ఇంకా నొక్కుతూనే ఉంది.

"దీపం ఒక్కసారి కూడా వెలగనివ్వలేదు" అంది గర్వంగా.

"దారిలో ఎర్రదీపం కనిపించలేదా?"

"కనిపించింది. దండం పెట్టుకున్నాను. ఒంటి చేత్తోనే పెట్టాను, మీట వదలలేదు."

తప్పు పట్టడానికి ఏముంది? ఆ యంత్రానికి డ్రైవరు ప్రాణాలతో ఉంటే చాలు, బండి ఎటు పోతోందో పట్టదు. మా ఆఫీసు గుమ్మంలో వేలిముద్రలు తీసుకునే యంత్రమూ ఇదే జాతి.

ఈ ప్రమాద వార్త విని, మా వీధిలో ఉండే రిటైర్డ్ లోకో పైలట్ కడుపుబ్బ నవ్వాడు. నవ్వు తగ్గాక అసలు సంగతి చెప్పాడు. ఇంజన్‌లో ఇద్దరుంటారు. సిగ్నల్ కనబడగానే దాని రంగు సహాయకుడు పైకి చెప్పాలి, పైలట్ కూడా చూసి తిరిగి పలకాలి. "నీకు సహాయకుడు లేడు, అదీ లోపం" అన్నాడు. లేకపోవడమేమిటి, జపమాలతో సహా ఉంది.

ఆ రాత్రి నుంచి అమ్మ కేకలు మొదలయ్యాయి.

"ఆకుపచ్చ!"

"ఆకుపచ్చ!"

"రెండు పసుపులు!"

"రెండు పసుపులు!"

రెండు పసుపులంటే ఇప్పటి నుంచే చేయి తగ్గించుకోవాలని, ఒంటి పసుపంటే తర్వాతి సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధపడాలని నాకంటే ముందు అమ్మకే ఒంటబట్టింది. వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి, "పెళ్లి ఎవరింట్లో?" అని అడిగి వెళ్లింది. చిత్రంగా అప్పటి నుంచే ఆట రుచి తెలిసింది. కొంచెం గాలి తీసి, బరువంతా నెమ్మదిగా ముందుకు ఒరిగి, ఇరవై నాలుగు పెట్టెలూ మాట వింటుంటే మీసం మెలేయాలనిపించింది. జనగామలో ప్లాట్‌ఫారం మీదే ఆపాను. ఆలేరు దాటాక రాయగిరిలో ఆపమని అమ్మ పట్టుబట్టింది, యాదగిరిగుట్ట నరసింహస్వామికి దండం పెట్టుకోవాలట. ఎక్స్‌ప్రెస్ ఆగదన్నాను. "నీ అయ్య బండా?" అని అలిగి, భువనగిరి కోట రాయి కనబడేదాకా రంగులు చెప్పడం మానేసింది. ఆ పది నిమిషాలూ ప్రాణం అరచేతిలో పెట్టుకుని నడిపాను.

చివరికి మౌలాలి దగ్గర ఎర్రదీపం పడింది. ఆగాం. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. నేను నిమిషానికోసారి మీట నొక్కుతున్నాను, అమ్మ పూసలు తిప్పుతోంది.

"అన్నం చల్లారిపోతోంది. బండి ఎక్కడిదాకా వచ్చింది?" వంటింట్లోంచి మా ఆవిడ.

"ఔటర్‌లో ఉంది."

ఆవిడా కాజీపేట పిల్లే. "ఆ డ్రైవరుకు బుద్ధి ఉండక్కరలేదూ!" అంది.

"సిగ్నల్ ఇవ్వలేదు!" అని అమ్మా నేనూ ఒకేసారి అరిచాం.