మొదటి బహుమతి చేమంతి కుండీ గారికి

మ.రా.రా.శ్రీ చేమంతి కుండీ గారి సముఖమునకు,

నాలుగో అంతస్తు మిద్దె మీది బీరపాదు తాలూకు మనిషి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగను. నిన్ననే తమరిని మా ఉద్యాన సంఘం ఉపాధ్యక్షుల వారి మెట్ల కింద, అరిగిపోయిన చీపురుకు పక్కన చూశాను.

జనవరిలో విశాఖలో మా సంఘం పూల ప్రదర్శన నాడు తమరి వైభవమే వేరు. తెల్ల పింగాణీ కుండీలో పసుపు ముద్దలా కూర్చున్నారు. అరవై దాకా పూలు లెక్కపెట్టి, ఓపిక లేక వదిలేశాను. ముందు ఒక అట్టముక్క: ‘స్వయంగా పెంచబడినది’. ఈ వాక్యం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. 1814లో తెలుగుకు ఇంగ్లీషులో వ్యాకరణం అచ్చు వేయించిన విలియం కేరీయే 1820లో కలకత్తాలో వ్యవసాయ, ఉద్యాన సంఘాన్ని పెట్టాడు. ఇలాంటి సంఘాలన్నిటికీ అది ముత్తాత వరస. ఆయనే గనుక ఆ రోజు మా బల్ల దగ్గరికి వచ్చి ఉంటే, కర్మణి ప్రయోగం బాగానే ఉంది గాని నాయనా, కర్త ఎక్కడ అని అడిగేవాడు.

కర్త గోదావరి పక్క కడియం ఊరి నర్సరీలో ఉంది. జూలైలో పిలక వేరుచేసి నాటింది. బారెడు పెరగకుండా తల తుంచింది. తుంచిన చోట కొమ్మలు చీలగానే వాటి తలలూ తుంచింది. నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది, నీరు తగ్గితే ఆకు వేలాడుతుంది. ఈ రెండింటి మధ్య తమరిని అయిదారు నెలలు కాపాడింది. రాత్రులు పొడుగైతే గాని తమరు మొగ్గ తొడగరని ఆ నర్సరీ కూలీ ఏ పుస్తకంలోనూ చదివి ఉండదు. మా ఉపాధ్యక్షుల వారు చేసిందల్లా శుక్రవారం రాత్రి కడియం నుంచి వచ్చిన లారీ దగ్గరికి ఆటో తీసుకువెళ్లడం. పోటీకి ముందు మూడు నెలలైనా మొక్క పోటీదారు ఇంట్లో ఉండాలని మా నియమావళిలో ఉంది. దాన్ని రాసిన వారిలో ఉపాధ్యక్షుల వారు కూడా ఉన్నారు, చక్కని దస్తూరీ.

న్యాయనిర్ణేతకు తెలియదని అనుకోకండి. ఆయన తమరి ఆకులు పైకెత్తి చూశారు. పింగాణీ అంచు లోపల నర్సరీ వాళ్ల నల్ల పాలిథిన్ సంచి పావు అంగుళం బయటికి తొంగిచూస్తోంది. ఆయన సంచిని చూశారు, ఉపాధ్యక్షుల వారిని చూశారు, “పులిహోర ఎన్ని గంటలకు?” అని అడిగారు. ఆకులు మళ్లీ కిందికి దించారు. అంత సుకుమారంగా ఆకు దించడం నేను ఇంకెక్కడా చూడలేదు.

తరువాత నా బీరపాదు దగ్గరికి వచ్చారు. దీని సంగతి కూడా తమరికి చెప్పాలి. బీరపువ్వు పొద్దువాలాక విచ్చుకుంటుంది. ఆ వేళ మా నాలుగో అంతస్తుకు పురుగూ పుట్రా ఏదీ రాదు. అందుకని నేనే రోజూ ఆఫీసు నుంచి పరుగెత్తుకు వచ్చి, మగపువ్వు తెంపి, పిందె ఉన్న ఆడపువ్వుకు అద్ది, పెళ్లి చేసేవాణ్ణి. పండు ఈగ కుట్టకుండా పిందెకు పాత ధోవతి ముక్క కట్టాను. జీవామృతం కూడా కలిపాను. రెండు వందల లీటర్లకు పది కిలోల ఆవుపేడ, పది లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి అన్నది రైతుల లెక్క. అందులో పదో వంతు, ఒక్క బకెట్టు. ఆ ఒక్క బకెట్టుకే మూడో అంతస్తు వాళ్లు వారం రోజులు మాతో మాట్లాడలేదు. ఇంత చేస్తే ఆయన “కాయ వంకరగా ఉందే” అని సాగిపోయారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, పోటీకి కూడా రాదని తేలింది. ప్రోత్సాహక బహుమతిగా ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. ప్లాస్టిక్ మానాలని ముఖ్య అతిథి ప్రసంగించిన పది నిమిషాలకే ఇచ్చారు. ఆయనకు మాత్రం మిలమిలలాడే సెల్లోఫేన్ కాగితం చుట్టిన గ్లాడియోలస్ గుత్తి.

సంఘాన్ని ఊరికే ఆడిపోసుకోకూడదు. ఆ బీరగింజలు కూడా సంఘం విత్తనాల పంపకంలోనే ఊరికే దొరికాయి. పొట్లం మీద ‘పొట్ల’ అని రాసి ఇచ్చారు, అంతే తేడా. మొదటి పువ్వు పచ్చగా పూసేదాకా నేను పొట్లకాయ కూరకే సిద్ధపడ్డాను.

ఇక తమరి సంగతి. ఫిబ్రవరిలో పూలు వాడాక, నీళ్లు పోసే దిక్కు లేక ఎండుకట్టెలా నిలబడ్డారు. నిన్న నేను అడిగితే ఉపాధ్యక్షుల వారు భారం దిగినట్టు ఊపిరి పీల్చుకున్నారు. “చచ్చిన మొక్కతో మీకేం పని? తీసుకువెళ్లండి. కుండీ మాత్రం తిరిగి ఇవ్వండి” అన్నారు. నల్ల సంచితో సహా పైకి లాగితే తమరు ఇంచక్కా ఊడివచ్చారు. వేరు ఒక్కటైనా పింగాణీని తాకలేదు. ఎండిన కాండం మొదట్లో మాత్రం ఏడు పచ్చటి పిలకలు! వాటిని విడదీసి కొబ్బరి చిప్పల్లో నాటి, బీరపందిరి నీడన పెట్టాను. వైశాఖం ఎండను దాటి ఎన్ని నిలుస్తాయో చూడాలి. ఒక్కటి పూసినా వచ్చే ప్రదర్శనకు తెస్తాను, కర్తరి ప్రయోగంలో అట్టముక్క రాసి మరీ.

ఇట్లు,
తమ విధేయుడు,
వంకర బీరకాయ వారు

తా.క.: పూయకపోతే ఏం చేయాలో కూడా ఆలోచించాను. ఆ లారీ డ్రైవరు ఫోను నంబరు తీసుకుని ఉంచాను.