నాలుగు దశాంశ స్థానాల వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నాలుగు దశాంశ స్థానాల వారి సముఖానికి,

అనంతపురంలో న్యూమరికల్ మెథడ్స్, అంటే జవాబును మెల్లమెల్లగా దగ్గరికి లాక్కొచ్చి అంకెల్లో అంచనా కట్టే లెక్కలు, చదువుతున్న ఒక విద్యార్థి రాసుకునేది ఏమనగా, తమరు క్షేమంగానే ఉన్నారని మాకు తెలుసు. ప్రతి సెమిస్టర్ పేపర్లో, లెక్క ఏదైనా సరే, చివర్లో "నాలుగు దశాంశ స్థానాల వరకు కనుక్కోండి" అని కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంటారు కదా. నాలుగే ఎందుకు సార్ అని క్లాసులో ఎవరో అడిగితే, "మూడు వేస్తే మార్కు కట్" అన్నారు. అంతటితో సిద్ధాంత భాగం అయిపోయింది.

ముందు ఆ ఊరి సంగతి తేల్చండి. మా పుస్తకాల్లో తరతరాలుగా ఒక ఊరుంది, పేరు లేదు, జనాభా మాత్రం ఉంది. 1891లో 46 వేలు, తర్వాత పదేళ్లకోసారి 66, 81, 93, చివరికి 1931లో 101 వేలు. 1925లో ఎంతమంది ఉన్నారో న్యూటన్ బ్యాక్‌వర్డ్ ఫార్ములాతో, అంటే తెలిసిన అంకెల మధ్య తెలియనిదాన్ని అంచనా కట్టే సూత్రంతో, చెప్పమంటారు. చెప్పాం, 96.8368 వేలు. అంటే 96,836 మంది, ఆపైన పదింట ఎనిమిది వంతుల మనిషి ఒకాయన. ఇచ్చిన అంకెలే వేలకు సవరించినవి, ఐదొందల మంది అటో ఇటో అయినా పట్టించుకునే నాథుడు లేడు, కానీ ఈ ముక్క మనిషిని వదిలేశామంటే మార్కు పోతుంది. ఆయనకు రేషన్ కార్డు ఎట్ల ఇచ్చారో ఏమో!

మొన్న మిడ్ పరీక్షలో ఎక్స్ ఇంటు ఈ పవర్ ఎక్స్ ఈక్వల్ టు కాస్ ఎక్స్ అనే సమీకరణం వచ్చింది, ఎక్స్ ఎంతో కనుక్కోవాలి. నా ముందు బెంచీ వాడి కాలిక్యులేటర్ రేడియన్లలో ఉండాల్సింది డిగ్రీల్లో ఉండిపోయింది. పాపం అడుగడుగునా జవాబు దగ్గరికి జరిగే న్యూటన్ రాఫ్సన్ పద్ధతికి ఆ సంగతేం తెలుసు, బుద్ధిగా పరిగెత్తుకుంటూ పోయి 0.5671 దగ్గర ఆగింది. అసలు జవాబు 0.5178. ఆ తర్వాత ఎన్ని స్టెప్పులు వేసినా నాలుగంకెల్లో ఒక్కటీ కదల్లేదు, తమరు అంత స్థిరంగా నిలబడ్డాక వాడికి అనుమానం ఎందుకొస్తుంది? నిక్కచ్చిగా, నాలుగు స్థానాల వరకు, తప్పు.

తమరి తమ్ముడుగారు, అదే మూడు స్థానాల వారు, చేసిన ఘనకార్యం ఇంకా పెద్దది. కెనడాలోని వాంకూవర్ స్టాక్ ఎక్స్‌ఛేంజ్ వాళ్లు 1982లో కొత్త ఇండెక్స్‌ను, అంటే షేర్ల ధరలన్నీ కలిపి చెప్పే ఒక అంకెను, 1000తో మొదలుపెట్టి, లావాదేవీ జరిగినప్పుడల్లా మళ్లీ లెక్కగట్టి, మూడో స్థానం తర్వాత ఉన్నదాన్ని రౌండాఫ్ చేయకుండా కోసిపారేశారు. కోత ఎప్పుడూ కిందికే కదా, 1983 నవంబరుకల్లా ఇండెక్స్ 524 దగ్గరికి జారింది. సరిచేసి చూస్తే 1098.892! మా సిలబస్‌లో ఇది మొదటి యూనిట్‌లోనే రావాలి. మొదటి యూనిట్లో ఎర్రర్స్ ఉన్నాయి లెండి, నిర్వచనం రాస్తే రెండు మార్కులు, తప్పు ఎక్కడ పుట్టి ఎట్ల పెరుగుతుందో మాత్రం ఎవరూ అడగరు.

మా నాయన వానను మిల్లీమీటర్లలో కొలవడు. పదునైందా, కాలేదా? అయితే బుడ్డలు, అదే వేరుశనగ, విత్తుతాడు, లేకుంటే ఆగుతాడు. జవాబు ఉన్న జాగాను ప్రతిసారీ సగానికి కోసుకుంటూ పోయే బైసెక్షన్ పద్ధతి కూడా అంతే, ప్లస్సా మైనస్సా అని తప్ప ఇంకేమీ అడగదు, అందుకే మా సిలబస్ మొత్తంలో నాకు నచ్చిన పెద్దమనిషి అదొక్కటే. కాకపోతే రెండుకూ మూడుకూ మధ్య ఉన్న రూట్ (సమీకరణం జవాబు) కోసం తమరిని తృప్తిపరచాలంటే దానికి పదిహేను స్టెప్పులు పడతాయి, అడిషనల్ షీట్ తీసుకోవాల్సిందే.

కాబట్టి మనవి ఏమంటే, వచ్చే పేపర్లో తమరు కాస్త పక్కకు జరిగి ఒక ప్రశ్నకు చోటివ్వండి: "ఈ జవాబులో ఎన్ని అంకెలను నమ్మవచ్చు? ఎందుకు?" పది మార్కులు పెట్టించండి. వీలుకాదంటే కనీసం ఆ ఊరి పేరన్నా చెప్పండి, పోయి ఆయన్ను చూసొస్తాం.

ఇట్లు,
తమరు ఎప్పుడూ కోసిపారేసే
ఐదో స్థానం తరఫున,
సప్లీ ఫీజు పైసలతో సహా కట్టిన ఒక విద్యార్థి